ఐసులో వచ్చిన ముక్క

నేను రిటైరై రెండేళ్ళే అయింది. అయినా "మా రోజుల్లో" అనే మాట అప్పుడే నోటికి పట్టేసింది. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన మీలో కొందరు ఇప్పుడు స్లైడుని కంప్యూటర్ తెర మీద చూస్తున్నారనీ, ఒకరు ఒక ఊళ్ళో మరొకరు ఇంకో ఊళ్ళో కూర్చుని ఒకే ముక్క మీద పోట్లాడుకుంటున్నారనీ విన్నాను. మంచిది. పోట్లాడడానికి ఎదురుగా ఒక మనిషి ఉండటం ఈ వృత్తిలో ఎంత అదృష్టమో మీకు ఇప్పుడే తెలియదు. నాకు పదకొండేళ్ళ పాటు ఆ మనిషి లేరు. ఆ పదకొండేళ్ళలో నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. ఒప్పులూ ఉన్నాయి గానీ, వాటి గురించి చెప్పాల్సిందంతా నా వీడ్కోలు సభలో దండ వేసి మరీ చెప్పేశారు.

మా ల్యాబు శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రి వెనక వరండా చివర ఉండేది. నేనుండేది విజయనగరంలో. పొద్దున్నే రైలెక్కి, చీపురుపల్లిలో ఇడ్లీ పొట్లం కొనుక్కుని, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగి ఆటో పట్టుకునేదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయి, చివరికి ఎవరూ మిగల్లేదు. కొన్ని రోజులు ఇడ్లీలమ్మే ఆవిడతో తప్ప సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడకుండానే గడిచిపోయేవి.

పెథాలజిస్టంటే మనుషుల్ని చూడని డాక్టరు. సూది పరీక్షకైతే మనిషి వస్తుంది. ఆపరేషన్లో తీసిన ముక్కకైతే సీసా ఒక్కటే వస్తుంది. దాని మీద పేరు, వయసు, 'ఎడమ రొమ్ము' అని రెండు మాటలు. వార్డుల్లో డాక్టర్లకి నా ముఖం తెలియదు, సంతకం తెలుసు.

మా గదిలో రెండు తలల మైక్రోస్కోపు ఉండేది. ఎదురెదురుగా ఇద్దరు కూర్చుని ఒకే స్లైడు చూడొచ్చు. నేను చేరినప్పుడు అవతలి తల దగ్గర మా సీనియర్ సారు కూర్చునేవారు. చిన్న మనిషి, పెద్ద చాదస్తం. రొమ్ము కేన్సరు ముక్కకి హార్మోను పరీక్ష చేసినప్పుడల్లా ఆయన నన్ను ఒకే ప్రశ్న అడిగేవారు.

"పక్కింటిని అడిగావా?"

సంగతి ఇదీ. ఆ పరీక్షలో హార్మోను మాట వినే కణాలు గోధుమరంగు తేలతాయి. కేన్సరు కణాలకి రంగు రాకపోతే ఆ జబ్బుకి హార్మోను మాత్రలు పనిచేయవు, గట్టి కీమో మందులే గతి. అయితే కేన్సరు పక్కనే ఆ మనిషివే మామూలు పాలనాళాలు కొన్ని ఉంటాయి. వాటిలో కొన్నింటికైనా రంగు రావాలి. అవి కూడా వెలవెలబోయి ఉంటే, తప్పు జబ్బుది కాదు, ముక్క పాడైందన్నమాట. "దొంగ ఇంట్లో లేడని రాసేస్తే సరిపోదమ్మా. పక్కింట్లో కూడా ఎవరూ లేరంటే ఊరే ఖాళీ అయిందని అర్థం. ఇంక దొంగ సంగతి నీకేం తెలిసినట్టు?" అనేవారు. ఏళ్ళ తరబడి విని విని నాకు విసుగొచ్చేది. "అడిగాను సార్, కుశలమే" అనేదాన్ని.

ఆయన రిటైరయ్యారు. మరుసటి ఏడాది పోయారు కూడా. ఆయన స్థానంలో ఎవరినీ వెయ్యలేదు. ఆ స్టూలు మీద నేను పాత ఫైళ్ళు పెట్టుకున్నాను. ఖాళీగా కనిపిస్తే నాకు బాగుండేది కాదు.

ఆ రోజు సోమవారం. ల్యాబు తలుపు ముందు నీళ్ళు. జారిపడబోయి తలుపు పట్టుకున్నాను. బల్ల మీద అరవై దాటిన ఒకాయన, పక్కన థర్మాకోల్ పెట్టె. దాని మూల నుంచి నీళ్ళు కారుతున్నాయి. సముద్రం వాసన.

"ఏంటీ నీళ్ళు? ఇది చేపల బజారనుకున్నావా? పెట్టె బయట పెట్టు" అన్నాను.

ఆయన గబుక్కున లేచి, భుజం మీది తువ్వాలుతో నేల తుడిచి, పెట్టె మెట్ల మీద పెట్టి, మళ్ళీ వచ్చి బల్ల మీదే కూర్చున్నాడు. ఏదో చెప్పబోయాడు. నేను లోపలికి వెళ్ళిపోయాను.

మా టెక్నీషియన్ సాలూరు మనిషి. నాతో ఇరవై ఏళ్ళు పనిచేశాడు. చెయ్యి మంచిది, మాట తక్కువ. అతను ఆ పెద్దాయన తెచ్చిన సీసా పైకెత్తి చూపించి, "మేడమ్, ఇందులో మందు నీళ్ళగా ఉన్నాది. ఘాటు లేదు" అన్నాడు.

మందంటే ఫార్మలిన్. ఒంట్లోంచి తీసిన ముక్క కుళ్ళిపోకుండా వెంటనే అందులో వేయాలి. గంట ఆలస్యమైనా నష్టమే. చిన్న నర్సింగ్ హోముల్లో దానికి నీళ్ళు కలిపి పొదుపు చేస్తారని నాకు కోపం. అలాంటిదే ఇదీ అనుకున్నాను.

"కొత్తది పోసెయ్" అన్నాను.

అంతే. రెండక్షరాలు ఎక్కువ మాట్లాడితే సరిపోయేది. మధ్యాహ్నం భోజనానికి లేచినప్పుడు కూడా ఆ పెద్దాయన బల్ల మీదే ఉన్నాడు. "రిపోర్టు వారం పడుతుంది, ఇంకా ఎందుకు?" అన్నాను. "అలగేనమ్మా" అని లేచి, మెట్ల మీది పెట్టె చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ముక్క కోస్తుంటే మెత్తగా, పాలిపోయి ఉంది. స్లైడులో కణాల మధ్య చిన్న చిన్న ఖాళీలు. కేన్సరే, సందేహం లేదు. చిన్నది, నెమ్మదైన రకం, నాళాల ఆకారం ఇంకా మరిచిపోని రకం. హార్మోను పరీక్షలు చేయించాను. అన్నీ నెగటివ్. ఆ రోజు నా ముందు ఇంకా చాలా స్లైడ్లున్నాయి, రైలు టైమవుతోంది. సంతకం పెట్టేశాను. పక్కింటిని నేను అడగలేదు. అడిగావా అనే మనిషీ లేరు.

ఆ కాగితం పట్టుకుని మా ఆసుపత్రి కేన్సరు వార్డులోనే ఆ పెద్దాయన భార్యకి గట్టి మందు మొదలుపెట్టారు. మూడు వారాలకొక ఇంజెక్షన్.

రెండో ఇంజెక్షన్‌కి రెండు రోజుల ముందు, గురువారం పొద్దున్న, ల్యాబుకి ఫోనొచ్చింది. విజయనగరంలో స్కానింగు చేసే పెద్ద డాక్టరుగారు. ఇద్దరం ఒకే ఊళ్ళో ఉంటాం. రోజూ ఆయన సెంటరు ముందు నుంచే స్టేషనుకి వెళ్తాను. అయినా అప్పటిదాకా ఆయన కాగితాలు నాకు, నా కాగితాలు ఆయనకి తెలుసు, అంతే.

"అమ్మా, మీ రిపోర్టూ నా ఫిల్మూ ఒకే మనిషివి కావు" అన్నారు, నమస్కారం కూడా లేకుండా.

నాకు మండింది. "పేరు సరిచూసుకోండి సార్. మా దగ్గర సీసాలు తారుమారు కావు" అన్నాను.

"పేరు గురించి కాదు. ఈవిడ నాలుగేళ్ళ కిందట నా దగ్గరికొచ్చింది. అప్పుడే మినపగింజంత మచ్చ చూసి ముక్క పరీక్ష చేయించుకోమన్నాను. రాలేదు. మొన్న ఆపరేషనుకి ముందు వచ్చింది. నాలుగేళ్ళలో అది శనగగింజంత అయింది. అంచులు వేళ్ళూనుకుని, నెమ్మదిగా పాకే రకం. మీరేమో హార్మోను లేదంటున్నారు. ఆ రకమైతే నాలుగు నెలల్లో నిమ్మకాయంత అయ్యుండేది. నిన్న కడుపు స్కానుకొస్తే మీ కాగితం చూశాను, ఆమె తల బోడిగా ఉంది. ఒకసారి చూడండి."

"చూసే రాశాను" అని పెట్టేశాను.

పెట్టేశాక నా రిపోర్టు కాపీ తీసి చదివాను. ఆయన చెప్పింది నిజమని నాకు తెలుస్తూనే ఉంది. నెమ్మదైన రకమని రాసింది నేనే, హార్మోను లేదని రాసింది నేనే. ఆ రెండూ ఒక ఇంట్లో ఇమడవు. లేచి ఆ స్లైడు తీసి పెట్టాను. కేన్సరుని వదిలేసి పక్కకి జరిపాను. మామూలు పాలనాళాలు వరసగా ఎనిమిదో తొమ్మిదో ఉన్నాయి. ఒక్కదానికీ రంగు లేదు.

ఊరే ఖాళీ.

ఎదురుగా స్టూలు మీద ఫైళ్ళు. ఆ క్షణం మా సారు మీద నాకు వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు. ఎందుకు పోయారు సార్, అని పైకే అన్నాను. టెక్నీషియన్ పక్క గదిలోంచి తల పెట్టి చూసి వెళ్ళిపోయాడు.

కాగితం మీద నంబరుకి ఫోన్ చేశాను. అవతల గాలి, అరుపులు, వేలంపాట.

"ఆరోజు సీసా తెచ్చింది మీరేనా?"

"నానేనమ్మా. డాక్టరమ్మ గదా? ఏటయినాదమ్మా?"

"ఆపరేషను ఎప్పుడైంది, సీసా ఎప్పుడిచ్చారు, మీరేం చేశారు, అన్నీ చెప్పండి."

"శనివారం మద్దేనం నర్సింగోములో అయినాది. ఆదివారం మీ కాడ తలుపులేసీత్తారు, సోమారం పట్టుకెల్లమన్నారు. ఇంటికి తీసుకెల్లేను. ఆ సీసాలో నీల్లు కల్లు మండించేత్తన్నాయమ్మా. అందులో ఉంటే ముక్క కాలిపోద్దనుకున్నాను. రెండ్రోజులు ఉండాలి గదా. ఆ నీల్లు పారబోసీసి, ఉప్పేసిన ఐసులో ఎట్టీసేను. బతికున్న సేపకంటే బాగా సూసుకున్నానమ్మా. సోమారం పొద్దున్న కడిగి, మంచినీల్లు పోసి తెచ్చేను." తర్వాత తనే, "తప్పు సేసేనా?" అన్నాడు.

"లేదు" అన్నాను.

స్కాన్ డాక్టరుగారికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. ఆయన ఆ మాట పట్టించుకోలేదు. "ఆపరేషనుకి ముందు నేను లావు సూదితో చిన్న ముక్కలు తీశాను. తీసిన నిమిషంలో మందులో వేశాను. కేన్సరా కాదా అని చూసి ఊరుకున్నారు, హార్మోను చెయ్యలేదు. ఆ ముక్కల్ని పెట్టిన మైనపు బిళ్ళ ఇక్కడి ల్యాబులో ఉంది. రేపు స్టేషనుకి తెస్తాను" అన్నారు.

శుక్రవారం ప్లాట్‌ఫారం మీద ఆయన్ని మొదటిసారి చూశాను. గొంతుని బట్టి పొడుగనుకున్నాను. పొట్టి మనిషి, చేతికర్ర. మందుల కవరులో మైనపు బిళ్ళ నా చేతిలో పెట్టి, "ముప్పై ఏళ్ళుగా మీ సంతకం చూస్తున్నాను. నిన్న మీ గొంతు వినేదాకా ఎవరో మగవారనుకున్నాను" అన్నారు. నవ్వొచ్చింది. ఇంకో మాట అనేలోపు రైలు కదిలింది. ఆ తర్వాత కూడా ఫోన్లో మాట్లాడుకున్నాం గానీ, మళ్ళీ కలవలేదు.

వార్డు డాక్టరు దగ్గరికి వెళ్ళి ఇంజెక్షను ఆపమన్నాను. కుర్రాడైనా మర్యాదగానే మాట్లాడాడు. "అనుమానం మీద కోర్సు ఆపలేను మేడమ్. నిజంగా మీ మొదటి రిపోర్టే సరైతే ఆమెకి నష్టం కదా. రేపు పదకొండు లోపల కాగితం ఇవ్వండి, ఆపుతాను" అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పు లేదు. కాలింది నా చేతులు, ఆకులు వెతుక్కోవాల్సిందీ నేనే.

బిళ్ళని పలచగా కోసి రాత్రంతా ఆరబెట్టాక, శనివారం మా టెక్నీషియన్ ఆరింటికే వచ్చి రంగులు మొదలుపెట్టాడు. చేత్తో చేసే పని, ఎంత తొందరపెట్టినా నాలుగైదు గంటలకి ముందు తెమలదు. నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. స్టూలు మీది ఫైళ్ళు తీసి అలమరలో సర్దాను. పదింబావుకి వార్డు నర్సు ఫోన్లో, "సెలైన్ ఎక్కించీసేం మేడమ్, వాంతుల సూది ఇచ్చీసేం. అసలు మందు కలపడానికి ఇంకో ముప్పావుగంట" అంది. పదకొండుకి పది నిమిషాలుందనగా టెక్నీషియన్ స్లైడు తెచ్చి నా ముందు పెట్టాడు. చేతులు తడిగానే ఉన్నాయి.

ముందు పక్కిల్లు చూశాను. గోధుమరంగు. తర్వాత కేన్సరు చూశాను. అంతా గోధుమరంగు, చివరిదాకా, ముదురుగా.

కాగితం రాసి ఎవరితోనూ పంపించలేదు. నేనే వెళ్ళాను. ఆ వార్డులోకి వెళ్ళి ఎన్నేళ్ళయిందో, దారి అడగాల్సి వచ్చింది. కిటికీ పక్క మంచం మీద ఆమె కూర్చుని ఉంది. బక్కపలచటి మనిషి, చేతికి సెలైన్, తలకి తువ్వాలు. పక్కన ఆ పెద్దాయన. నేను డాక్టరుకి కాగితం ఇచ్చాను. చదివి, నర్సుకి వద్దని చెయ్యూపాడు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, "ముక్క ఇంటివాళ్ళు పాడుచేశారని రాస్తే మీకు ఇబ్బంది ఉండదు మేడమ్" అన్నాడు. నా మేలుకోరే అన్నాడు.

నేను మంచం దగ్గరికి వెళ్ళాను. "నేను ల్యాబు డాక్టర్ని. నీకిచ్చిన మొదటి రిపోర్టు తప్పు. తప్పు నాది. నీ జబ్బుకి ఈ సూదులు అక్కర్లేదు. రేడియేషన్ కరెంటు పెట్టించుకుని, రోజుకొక గోళీ ఐదేళ్ళు వేసుకుంటే సరిపోతుంది" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "అయితే మొన్నెట్టిన సూది?"

"అక్కర్లేకుండా పెట్టాం."

"ఓలమ్మా" అంది. తువ్వాలు తీసి బోడితల నాకు చూపించింది. "దీని మీద గంపెట్టుకుంటే గుచ్చుకుంటాదమ్మా. ముప్పై ఐదేల్లు కొప్పు మీద కుదురెట్టి మోసేను. వస్తాదేటి మల్లీ?"

"వస్తుంది."

"వస్తే సాల్లే." మళ్ళీ తువ్వాలు చుట్టుకుని మొగుడి వైపు తిరిగింది. "లెగు. ఇక్కడ కూకుంటే మల్లీ ఏటో ఎక్కించీగల్రు."

తిట్టుంటే నాకు తేలికయ్యేది. ఆమెకి అంత తీరిక లేదు.

జుట్టు వచ్చింది. ఆమె ఇప్పటికీ గంప మోస్తోందనీ, గోళీ మానలేదనీ, ఏటేటా స్కానుకి వస్తోందనీ స్కాన్ డాక్టరుగారు ఫోన్లో చెబుతుండేవారు. నేను సవరించిన రిపోర్టులో ఐసు మాట రాయలేదు. 'ముక్క భద్రపరచడంలో లోపం, పక్కనున్న మామూలు నాళాలకీ రంగు రాలేదు, మొదటి నివేదికలో అది గమనించలేదు, దాన్ని ఉపసంహరించుకుంటున్నాను' అని రాశాను. దానికి నాకొక మెమో వచ్చింది. దాచుకున్నాను. ఇవన్నీ మీకు తెలిస్తే చాలు. నేను అసలు చెప్పదలచుకున్నది మాత్రం ఆ శనివారం మధ్యాహ్నం గురించి.

భార్యని వరండాలో కూర్చోబెట్టి ఆయన ల్యాబుకి వచ్చాడు. ఈసారి చేతిలో పెట్టె లేదు. చెప్పులు మెట్ల కిందే విడిచి, తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, ఆ ముక్క నాకు సూపిత్తారేటి? రెండ్రోజులు నా ఇంట్లో ఉన్నాది. అది ఏటో నాకు తెల్దు."

ముప్పై ఏళ్ళలో ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. లోపలికి రమ్మన్నాను. సారు స్టూలు చూపించి కూర్చోమన్నాను. ఒక కన్ను మూసి ఎలా చూడాలో చెబితే, "రెండు కల్లూ ఎట్టొచ్చు గదా" అని సరిగ్గానే పెట్టాడు. ముందు పాత స్లైడు చూపించాను. ఏదేమిటో చెప్పలేదు. తర్వాత కొత్తది చూపించాను.

స్టూలు ముందుకి జరుపుకుని చూశాడు. తర్వాత, "మొదటిది మల్లీ ఎట్టండి" అన్నాడు. పెట్టాను.

"ఇది సెడిపోనాది గదమ్మా" అన్నాడు. "రెండోది ఇప్పుడే పట్టిన సేప కన్నులాగ కలకల్లాడతన్నాది. ఇది మబ్బేసిపోనాది. ఇలాటి సేపని మా ముసిల్ది గంపలోకి ఎక్కనివ్వదు." కళ్ళు తీసి నా వైపు చూశాడు. "నా ఐసు వల్లేనా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. ఆ మనిషి దగ్గర అబద్ధం చెల్లదని తెలిసింది.

"ఐసు వల్ల పాడైంది" అన్నాను. "కానీ పాడైందని చూడటం నా పని. ఆ రోజు మా మనిషి మందు నీళ్ళగా ఉందన్నాడు. మీరు బల్ల మీద పొద్దున్నించి మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. బయటికొచ్చి ఒక్క మాట అడిగుంటే సరిపోయేది. అడగలేదు. నీళ్ళు కారుతున్నాయని తిట్టాను."

ఆయన తల కిందికి దించుకుని తువ్వాలు మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు.

"అడిగితే సెప్పుదునమ్మా" అన్నాడు. "ఎవరేనా అడుగుతారనే గదా అంతసేపు కూకున్నాను."

లేచి, నాకు దణ్ణం పెట్టి, వరండాలో భార్య చెయ్యి పట్టుకుని మెట్లు దిగించాడు. వాళ్ళిద్దరూ గేటు దాటేదాకా చూశాను. లోపలికొచ్చి నా కుర్చీలో కాకుండా అవతలి పక్క, ఆ స్టూలు మీద కూర్చున్నాను. ఇంకా వెచ్చగా ఉంది. అక్కణ్ణించి చూస్తే నా కుర్చీ ఖాళీగా కనిపించింది.